ఏ పొక్రోవ్కా?

మా కాపా అత్త ఒకసారి మృత్యువుకి బస్సు టికెట్టు ఇవ్వనంది.

నవ్వకండి. జనవరి నెల, ఉమ్మితే నేలకి తగిలేలోపు గడ్డకట్టే చలి. లుగోవ్‌స్క్ బస్ స్టేషన్లో టికెట్ కిటికీ ముందుకి బక్కపల్చని ముసలమ్మ ఒకామె వచ్చి నిలబడింది. తలమీంచి నల్ల శాలువా, భుజాన మనిషెత్తు కొడవలి. మా వైపు మృత్యువు కొడవలి పట్టుకుని తిరిగే ఆడమనిషే. పాపం, సొంత వాహనం లేదు. బస్సులోనే తిరగాలి.

"పొక్రోవ్కాకి ఒకటి," అంది మృత్యువు.

కాపా అత్త కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏ పొక్రోవ్కా?"

"నికీఫర్ తాత ఉంటాడు చూడు, ఆ పొక్రోవ్కా."

"నికీఫర్ తాతలు నలుగురున్నారు. మీరు చెప్పే తాత బావికి మూత ఉందా, లేదా?"

మృత్యువు తెల్లమొహం వేసింది. లోకం పుట్టినప్పటినుంచీ ఆవిడని బావి మూత గురించి అడిగినవాళ్ళు లేరు. వెనక క్యూలో జనం సణుగుతున్నారు, ఒకడెవడో కొడవలి తన చెవికి తగులుతోందని గొడవ పెట్టాడు. చివరికి ఆవిడ "కనుక్కుని వస్తాను" అని బయటికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళడమే. నికీఫర్ తాతకి ఇప్పుడు తొంభై ఎనిమిది. నలుగురికీనూ.

ఈ సంగతి నేను జిల్లా అంతా చెప్పుకొచ్చాను. నమ్మినవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే వాళ్ళందరూ కాపా అత్త దగ్గర ఎప్పుడో ఒకప్పుడు టికెట్టు కొన్నవాళ్ళే.

ఆవిడ పూర్తి పేరు కపితొలీనా సవేల్యెవ్నా. ఆ పేరుతో పిలిచేది స్టేషన్ అధికారి ఒక్కడే, అది కూడా కోపం వచ్చినప్పుడు. మిగతా అందరికీ కాపా అత్త. ఆవిడకున్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏది అడిగినా "ఏది?" అని తిరిగి అడగందే చెయ్యి కదలదు. స్టేషన్ క్యాంటీన్లో క్యాబేజీ కూరిన పిరోజ్కీ బన్ను ఇవ్వబోతే "ఏ క్యాబేజీ, నిన్నటిదా ఇవాళ్టిదా?" అంటుంది. ఆ దెబ్బతో క్యాంటీన్ వాళ్ళు నిన్నటివి చేయడమే మానేశారు. పెళ్ళి రిజిస్టరు చేసే ఆఫీసులో "సెమ్యోన్‌ని భర్తగా స్వీకరిస్తున్నారా?" అని అడిగితే "ఏ సెమ్యోన్?" అందట. గదిలో సెమ్యోన్లు ముగ్గురున్నారు మరి. పెళ్ళికొడుకు సెమ్యోన్ చెయ్యెత్తాక గాని సంతకం పెట్టలేదు.

ఇక పొక్రోవ్కాల సంగతి. మా జిల్లాలో పొక్రోవ్కాలు ఆరు. మా పూర్వీకులకి చర్చి కట్టే ఓపిక ఉండేది గాని పేరు వెతికే ఓపిక ఉండేది కాదు. పొక్రోవ్ పండగ పేరుమీద చర్చి కట్టారు, చర్చి పేరు ఊరికి పెట్టారు, వెళ్ళి పడుకున్నారు. పక్క ఊరివాళ్ళూ అంతే. ఆ పక్క ఊరివాళ్ళూ అంతే. రోడ్డు మీద ఆరు మలుపులు, ఆరు మలుపుల దగ్గరా ఒకటే రంగు బోర్డు, ఒకటే అక్షరాలు: పొక్రోవ్కా, నాలుగు కిలోమీటర్లు. బస్సు మలుపు దగ్గర దింపేసి పోతుంది. అక్కణ్ణుంచి ఆ నాలుగు కిలోమీటర్లూ దేవుడి దయ, బురద దయ.

బయటివాళ్ళం గుర్తుకోసం వాటికి పేర్లు పెట్టుకున్నాం: బోడి పొక్రోవ్కా, మేకల పొక్రోవ్కా, ఇటుకల పొక్రోవ్కా, తడి పొక్రోవ్కా, ఇలా. ఊళ్ళోవాళ్ళ ఎదుట మాత్రం ఆ పేరు నోటెంట రాకూడదు. బోడి పొక్రోవ్కా వాణ్ణి పట్టుకుని "మీది బోడి పొక్రోవ్కానా?" అంటే ముందు పిడికిలి వస్తుంది, మాట తరవాత వస్తుంది. వాళ్ళ లెక్కలో పొక్రోవ్కా ఒక్కటే, అది వాళ్ళది. తక్కిన అయిదూ ఆ పేరు దొంగిలించినవి. అందుకని కిటికీ దగ్గర ఎవడూ "పొక్రోవ్కా" తప్ప మరో ముక్క కలపడు. పాపం కాపా అత్త డొంకతిరుగుడుగా అడగాలి.

"పొక్రోవ్కాకి ఒకటి."

"మీ ఊరి కొట్టు ఎదురుగా ఏముంది?"

"కొట్టు ఎదురుగానా? బురద."

"బురదలో బాతులున్నాయా, పెద్ద బాతులున్నాయా?"

"అమ్మా, బస్సు పోతోంది."

"పోదు. తిమోఖా బస్సు అది. నేను చెప్పందే కదలదు. బాతులా, పెద్ద బాతులా?"

ఆ తిమోఖాని నేనే. ఆ బస్సు నాదే. జిల్లాలో నా అంత డ్రైవరు లేడని చెప్తే గొప్పలనుకుంటారు, అందుకని చెప్పను, మీరే కనుక్కోండి. మోటారు టెక్నికల్ స్కూల్లో రెండో ఏడు సగంలో చదువు వదిలేశాను. వాళ్ళే తీసేశారని కొందరంటారు, అది అసూయ. ఆ ఆరు పొక్రోవ్కాలూ చుట్టి వచ్చే తొంభై కిలోమీటర్ల దారిలో పదకొండేళ్ళు బస్సు నడిపాను, ఒక్క రోజు తప్ప ఎప్పుడూ టైముకి బయల్దేరలేదు. కారణం నేను కాదు. బాతులు.

అయినా జనానికి నేనంటే ఎంత ప్రేమో చెప్పాలి. ఏ మలుపు దగ్గర ఆపినా నా బస్సు కోసం ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. ఒకచోట గుర్రబ్బండి, ఒకచోట ట్రాక్టరు, మంచు కాలమైతే స్లెడ్జి. బస్సు దిగినవాళ్ళని, వాళ్ళ మూటల్ని ఎక్కించుకుని ఊళ్ళోకి తీసుకుపోయేవారు. నేను టోపీ ఎత్తి సైన్యాధిపతిలా ఊపేవాణ్ణి. వాళ్ళూ ఊపేవారు. ఇంకో వింత, నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే ఇరవై నిమిషాలు ఆలస్యంగానే, గంట ఆలస్యంగా వస్తే సరిగ్గా గంటకే అక్కడ ఉండేవారు. మనిషి మీద మనసుంటే అలా తెలిసిపోతుందని మా ఆవిడకి చెప్పాను. మా ఆవిడ సూప్ కలుపుతూ "తెలుస్తుంది, తెలుస్తుంది" అంది.

పదకొండో ఏడు సెప్టెంబరులో ఒక శనివారం, నా బాన్యా రోజు, అంటే ఆవిరి స్నానం రోజు. ఆవిరి గది కాగి, ఒంటికి కొట్టుకునే బిర్చి కొమ్మల కట్ట నానబెట్టి ఉంది, నేను ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. కిటికీ దగ్గర కాపా అత్త ఒక మహా ఇల్లాలిని నలభై నిమిషాలు కూర్చోబెట్టింది. వాళ్ళ అల్లుడి ఇంటి గేటు ఎటు తెరుచుకుంటుంది, లోపలికా బయటికా అని. ఆవిడకి గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫిర్యాదుల పుస్తకం ఇవ్వమన్నాను. అది దారంతో కుట్టి, పేజీలకి నంబర్లు వేసి, చివర లక్క ముద్ర కొట్టిన పుస్తకం. ఒక్క కాయితం చిరిగినా స్టేషన్ అధికారి ఉద్యోగం పోతుంది. కాపా అత్తే దాన్ని తీసి, కలం మూత విప్పి ఇచ్చింది.

"ఏ ఫిర్యాదురా?" అంది. "బస్సు ఆలస్యం గురించా, నా గురించా? వేరే వేరే పేజీలు."

"నీ గురించే."

"అయితే పద్నాలుగో పేజీ. అక్షరాలు విడివిడిగా రాయి, నీ రాత ఎవరికీ అర్థం కాదు."

రాశాను. టికెట్లమ్మే మనిషి ప్రయాణికుల్ని గేట్ల గురించి, బాతుల గురించి వేధిస్తోందనీ, దానివల్ల ప్రజా రవాణా నాశనమైపోతోందనీ. చదివి, నాశనంలో ఒక దీర్ఘం దిద్దించి, పుస్తకం లోపల పెట్టింది.

స్టేషన్ అధికారి వెనియమీన్ ల్వోవిచ్‌కి ఇలాంటిదే కావాలి. ఆయన మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుండేది, జీవితంలో పరిగెత్తినవాడు కాదు గాని. మనిషికి ముప్ఫై సెకన్లు మించకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. కాపా అత్తని సామాను గదికి మార్చాడు. వచ్చే నెల పొక్రోవ్ పండగ రోజు టికెట్లు ఎలా అమ్మాలో తానే కూర్చుని చూపిస్తానన్నాడు. ఆ రోజు సవ్యంగా జరిగితే మార్పు శాశ్వతం, ఆవిడ ఇక పెన్షన్ దాకా సూట్‌కేసుల మధ్యే.

ఇరవై రెండేళ్ళు కూర్చున్న కిటికీ. కాపా అత్త ఏడవలేదు, వాదించలేదు. తన కుర్చీ మీది దిండు చంకలో పెట్టుకుని ఒక్క మాటే అడిగింది: "సామాను గదిలో టెలిఫోను లేదే?"

"సామానుకి టెలిఫోను ఎందుకు, కపితొలీనా సవేల్యెవ్నా?" అన్నాడు ఆయన.

ఆవిడ నా వంక చూసింది. నేను బయటున్న నా బస్సు టైరు వంక చూశాను.

పొక్రోవ్ పండగంటే మాకు మొదటి మంచు. ఆరు పొక్రోవ్కాలకీ అదే ఊరి పండగ, ఒకే రోజు. చర్చిలు ఎప్పుడో ధాన్యం గిడ్డంగులైపోయాయి, అయినా పండగ పండగే, పెళ్ళిచూపులూ ఆ రోజే. ఎక్కడెక్కడి చుట్టాలో వస్తారు, అయిదేళ్ళకోసారి వచ్చేవాళ్ళు, అసలెప్పుడూ రానివాళ్ళు. ఆ రోజు క్యూ స్టేషన్ దాటి రోడ్డు మీదికి వచ్చింది. వెనియమీన్ ల్వోవిచ్ కిటికీ వెనక కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కాడు.

"ఎక్కడికి?"

"పొక్రోవ్కాకి."

"ఇరవై అయిదు కోపెక్కులు. తరవాత."

పదకొండు సెకన్లు. నేను బస్సు మెట్టు మీద నిలబడి లెక్కపెట్టాను, నాకు ఆనందంతో కన్నీళ్ళొచ్చాయి.

క్యూలో ఒక పొడుగాటి మనిషి. నలభై దాటినవాడు, కొత్త టోపీ, చేతిలో దారం కట్టిన కేకు డబ్బా. డబ్బాని పసిపిల్లలా పట్టుకున్నాడు.

"పొక్రోవ్కాకే, కానీ నాకు సరిగ్గా..." అన్నాడు.

"ఇరవై అయిదు. తరవాత."

సామాను గది సగం తలుపు మీంచి కాపా అత్త మొహం బయటికొచ్చింది. "ఏయ్ అబ్బాయ్, కేకు అబ్బాయ్. ఏ పొక్రోవ్కా?"

వెనియమీన్ ల్వోవిచ్ లేచి వెళ్ళి ఆ సగం తలుపు కూడా మూసేసి వచ్చాడు. దానికి ఇంకో నాలుగు సెకన్లు పట్టింది.

ఒంటిగంటకి బయల్దేరాలి, ఒంటిగంటకే బయల్దేరాను. పదకొండేళ్ళలో మొదటిసారి. నలభై సీట్ల బస్సులో డెబ్భై మంది, ఒక మగ పెద్దబాతు. కేకు మనిషి నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. పేరు అర్సేనీ, మూడు జిల్లాల అవతల పంపుసెట్లు బాగుచేస్తాడట.

"పెళ్ళిచూపులా?" అన్నాను.

చెవులు ఎర్రబడ్డాయి. "వేసవిలో విశ్రాంతికని వెళ్ళిన శానిటోరియంలో కలిశాం. జోయా. ఇరవై నాలుగు రోజులు. నేను ఇరవై మూడో రోజున మాట్లాడాను."

"తొందరపడ్డావు."

"ఉత్తరం రాసింది. పండగనాడు ఆరు గంటలకి మా అన్నయ్యలు కూడా ఇంట్లో ఉంటారు, రా అని. రాకపోతే ఇష్టం లేదనే అనుకుంటాను, ఇక ఉత్తరాలు రాయొద్దు అని." కేకు ఒళ్ళో సర్దుకుని, "మీ జిల్లాలో పొక్రోవ్కా ఎక్కడ?" అన్నాడు.

"నా బస్సు ఎక్కినవాడు తప్పిపోడయ్యా," అన్నాను. ఈ మాట నేనే అన్నాను, గుర్తుపెట్టుకోండి.

మొదటి మలుపు బోడి పొక్రోవ్కా. బస్సు ఆపి "పొక్రోవ్కా" అని అరిచాను. స్థానికులు నవ్వుకుంటూ కూర్చున్నారు, వాళ్ళకి తమ మలుపు తెలుసు. చుట్టాలు మాత్రం చేతిలో టికెట్టు చూసుకున్నారు, బయట బోర్డు చూశారు. టికెట్టు మీదా పొక్రోవ్కానే, బోర్డు మీదా పొక్రోవ్కానే. ముప్ఫై నాలుగు మంది దిగిపోయారు, పెద్దబాతుతో సహా. అర్సేనీ కేకుని తలకంటే ఎత్తున పట్టుకుని దిగాడు. నేను టోపీ ఎత్తాను.

ఎదురుగా ఎవరూ లేరు.

గుర్రం లేదు, ట్రాక్టరు లేదు. మంచూ వానా కలిసి పడుతోంది, బురదలో చుట్టాలు ఊరివైపు నడవడం మొదలెట్టారు. పండగ కదా, తాగుతూ కూర్చుని ఉంటారు అనుకున్నాను. రెండో మలుపులోనూ ఎవరూ లేరు. మూడో దాంట్లోనూ లేరు. దిగిన స్థానికులు నన్నొక చూపు చూసి, ఏదో గొణిగి, బూట్లు చేత్తో పట్టుకుని నడిచారు. నాలుగు, అయిదు మలుపుల్లోనూ అంతే. ఇన్నేళ్ళ ప్రేమ ఒక్కరోజులో ఎలా పోతుంది? టైముకి వచ్చినందుకా?

ఆరో పొక్రోవ్కాలో ఇప్పుడు మిగిలింది ఒకే ఇల్లు, అడవి కాపలావాళ్ళది. అక్కడ మాత్రం మలుపులో బండి ఉంది. బండి మీద పెలగేయా అవ్వ, నెత్తిన గోనె సంచి. నాకు ప్రాణం లేచొచ్చింది. బస్సు దిగి వెళ్ళాను.

"నువ్వొక్కదానివే వచ్చావు అవ్వా నా కోసం," అన్నాను.

"నీ కోసమా?" అంది. "నీ మొహం చూడ్డానికి గుర్రాన్ని వానలో నిలబెడతానా? కాపాకి ఏమైందిరా?"

"కాపా అత్తకేం? బాగానే ఉంది."

"బాగుంటే ఫోనెందుకు చెయ్యలేదు? రోజూ చేస్తుంది. ఫలానా మనిషి వస్తున్నాడు, ఇన్ని మూటలున్నాయి, మోకాలు నొప్పి, బస్సు ఇంతసేపు ఆలస్యం, ఇన్నింటికి మలుపు దగ్గరుండు అని. మా ఇంటికీ, అన్ని ఊళ్ళ కొట్లకీ చేస్తుంది. ఇవాళ గంట మోగలేదు. చచ్చిపోయిందేమో అని బండి కట్టుకొచ్చాను, నిన్నడుగుదామని."

నేను కాసేపు గుర్రం వంక చూశాను. గుర్రం కూడా నా వంక చూసింది, దానికీ అంతా ముందే తెలుసన్నట్టు. బావి మూతలు, బాతులు, తెరుచుకునే గేట్లు. ఎవరింటికో సరిగ్గా తెలిస్తేనే కదా ఎవరికి కబురు పెట్టాలో తెలిసేది. పదకొండేళ్ళు నేను టోపీ ఊపింది ఎవరికి? వాళ్ళు చెయ్యి ఊపింది నాకు కాదు, "మూటలు ఇటివ్వు" అని.

"అవ్వా," అన్నాను, "నన్ను చూడ్డానికి ఎవరూ ఎప్పుడూ రాలేదా?"

పెలగేయా అవ్వ జాలిగా ఆలోచించింది. "బస్సుకి రంగేసినప్పుడు ఒకసారి చూశాం," అంది.

బస్సు వెనక్కి తిప్పాను. టైము పట్టికలో లేని పని. బోడి పొక్రోవ్కా మలుపు చేరేసరికి నాలుగు దాటింది. అర్సేనీ బోర్డు కింద నిలబడి ఉన్నాడు, టోపీ మీద మంచు, కేకు డబ్బాకి ఒక పక్క సొట్ట.

"జోయా దొరికిందా?" అన్నాను.

"దొరికింది," అన్నాడు. "కేకు ఇచ్చి, చెయ్యి పట్టుకుంటానని చెప్పాను. ఆవిడ మొగుడు కమ్మరి. వేరే జోయా." డబ్బా సొట్ట సవరిస్తూ, "కేకు మాత్రం తిరిగిచ్చేశారు, విసిరి," అన్నాడు.

అతన్నెక్కించుకుని ఊళ్ళోకి పోయాను. బురదలో బస్సు దింపకూడదని ఉత్తర్వుంది, ఉండనీ. మిగతా చుట్టాల్ని వెతికితే ముప్ఫై ముగ్గురూ హాయిగా ఉన్నారు. పండగనాడు గడప దాటి వచ్చినవాణ్ణి ఎవరని అడక్కూడదు మా వైపు, కూర్చోబెట్టి పళ్ళెం పెడతారు. ఒకాయన అప్పటికే ఎవరి మామగారికో ముద్దుపెట్టి ఏడుస్తున్నాడు. కొందరు మూడు రోజుల తరవాత గాని ఇది తమ చుట్టాలిల్లు కాదని కనుక్కోలేదు. ఇద్దరు ఇప్పటికీ కనుక్కోలేదని నా అనుమానం. కానీ అర్సేనీకి మూడు రోజులు లేవు, గంటా నలభై నిమిషాలున్నాయి.

ఊరికి ఒకే టెలిఫోను, కొట్లో ఉంది. స్టేషన్‌కి కలిపారు.

"కాపా అత్తని పిలవండి," అన్నాను.

"సామాను గది ఉద్యోగులు ఫోన్లో మాట్లాడకూడదు," అన్నాడు వెనియమీన్ ల్వోవిచ్.

"మీ ముప్ఫై నాలుగు మందిని బోడి పొక్రోవ్కాలో దించాను."

బోడి అన్నందుకు కొట్టావిడ తూకం రాయి చేతిలోకి తీసుకుంది. అటువైపు ఆయన లేచినట్టున్నాడు, కుర్చీ కిర్రుమంది.

"ముప్ఫై నాలుగూనా?"

"మనిషికి పదకొండు సెకన్ల చొప్పున."

దూరంగా ఆయన గొంతు వినిపించింది, పదకొండేళ్ళలో నేనెప్పుడూ వినని గొంతు: "కాపా అత్తా, ఒకసారి ఇటు రావా."

కాపా అత్త వచ్చింది. "ఏ మనిషిరా?"

"కేకు అబ్బాయి."

"అనుకున్నాను. ఫోను అతనికివ్వకు, కంగారుగా ఉంటాడు. నువ్వడుగు. అమ్మాయి ఇంటిపేరు?"

"మెల్నికొవా."

"ప్రతి పొక్రోవ్కాలో సగం మంది మెల్నికొవ్‌లే. వాళ్ళింట్లో బాన్యా ఏ రోజు కాగబెడతారు?"

అడిగాను. అర్సేనీ కళ్ళు మూసుకున్నాడు, నేను భయపడ్డాను. "శుక్రవారం," అన్నాడు. "శనివారం స్నానం చేసి పడుకుంటే స్టీమరు సైరన్‌కి నిద్రపట్టదంది."

"ఏ సైరన్? సరుకుదా, మనుషులదా?"

"అత్తా, అయిదవుతోంది."

"అడగరా."

"తెలీదంటున్నాడు."

"ఉత్తరం జేబులో ఉంటుంది. తీసి వాసన చూడమను."

జేబులోనే ఉంది, ఎడమ జేబులో. చూశాడు. నేనూ చూశాను. కొట్టావిడ తూకం రాయి పక్కనపెట్టి తనూ చూసింది. పొగబెట్టిన చేప వాసన.

"తియ్యటి పొగా, చేదు పొగా?" అంది కాపా అత్త.

ముగ్గురం మళ్ళీ చూశాం. "తియ్యటిది," అన్నాం.

"ఆల్డర్ చెట్టు కట్టె. అది ఏటి ఒడ్డునే పెరుగుతుంది. తడి పొక్రోవ్కా, అయిదో మలుపు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. కల్వర్టు దగ్గర ఎడమవైపు గుంట ఉంది, నీకు ఎప్పుడూ కనపడదు. వెళ్ళు, నేను ఫోన్ చేస్తాను."

ఆ రోజు నేను బస్సు ఎలా నడిపానో చెప్పను, రవాణా శాఖవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఎడమవైపు గుంట కనపడింది. ఆరుకి పది నిమిషాలుండగా అయిదో మలుపులో లాంతరు వెలుగు. గుర్రబ్బండి, పగ్గాలు పట్టుకుని ఒకావిడ, గోధుమరంగు కోటు, మొహం నిండా మంచు. నేను టోపీ ఎత్తలేదు.

అర్సేనీ దిగి కేకు చాచాడు.

"కాపా అత్త ఫోన్ చేసింది," అంది జోయా. "కేకు నలిగింది గాని మనిషి బాగానే ఉన్నాడంది."

మర్నాడు పొద్దున్నే నేను స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగాను. పద్నాలుగో పేజీ చింపేద్దామని. కాపా అత్త అప్పటికే తన కిటికీ వెనక, తన దిండు మీద కూర్చుని ఉంది. తక్కిన అయిదు పొక్రోవ్కాలనుంచీ "మా చుట్టాలేరి?" అని తెల్లారగట్లనుంచే ఫోన్లు మోగుతుంటే, వెనియమీన్ ల్వోవిచ్ రిసీవర్ ఆవిడ చేతిలో పెట్టి, స్టాప్‌వాచ్ డ్రాయర్లో పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయాడట.

"చింపితే ఆయన ఉద్యోగం పోతుంది," అంది కాపా అత్త. "ఏం రాయాలనుకుంటే అది కింద రాయి."

రాశాను. పైన రాసింది రాసినవాడు వెధవ అని. చదివి, "ఏ వెధవ? సంతకం పెట్టు," అంది. పెట్టాను.

"అత్తా," అన్నాను, "ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పొచ్చుగా? ఫోన్లు నువ్వు చేస్తున్నావని."

"నువ్వడిగావా?" అంది. "రోజంతా అడిగేది నేనొక్కదాన్నే. మీరెవరూ తిరిగి ఏమీ అడగరు."

"మరి ఎందుకు చేస్తావు?"

"వాళ్ళని మలుపులో దింపితే దిగినట్టా? ఎవరో ఒకరు ఎదురు రావద్దూ?" అని, నా భుజం మీంచి వెనకాల మనిషిని చూసింది. "చెప్పండి. ఏ పొక్రోవ్కా?"

అర్సేనీ, జోయాల పెళ్ళి నవంబరులో అయింది, తడి పొక్రోవ్కాలో. నన్ను పిలిచారు, చుట్టాల్ని తీసుకురావడానికి బస్సు కావాలి కదా. మలుపులో బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎవరి కోసమో నాకు తెలుసు, అయినా అలవాటుకొద్దీ టోపీ ఎత్తాను. ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. మూటలకోసమే అయ్యుంటుంది, పోనీలెండి.

భోజనాల బల్ల దగ్గర కాపా అత్తని పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టారు. జోయా అన్నయ్యలిద్దరూ వంతులవారీగా ఆవిడ పళ్ళెంలో పొగ చేప వేస్తున్నారు, ఆవిడ ప్రతి ముక్కనీ ఏ రోజుదని అడిగి తింటోంది. నేను లేచి గ్లాసెత్తి మాట్లాడాను. మామూలుగా మాట్లాడితే నాకేం గౌరవం? ఆ జనవరి చలి, నల్ల శాలువా, మనిషెత్తు కొడవలి, బావి మూత, తెల్లమొహం వేసిన మృత్యువు, ఇప్పటికీ బతికున్న నలుగురు నికీఫర్ తాతలు, అంతా చెప్పాను. బల్ల చుట్టూ మనుషులు పడీపడీ నవ్వారు. అర్సేనీ అయితే కాపా అత్త వంక దేవతని చూసినట్టు చూశాడు.

కాపా అత్త ఫోర్కు కింద పెట్టి, పెదాలు తుడుచుకుంది.

"జనవరి కాదు, జూలై," అంది. "మృత్యువు కాదు, మా ఆడపడుచు దార్యా. గడ్డి కోతకి వెళ్తోంది. టికెట్టు ఇచ్చాను. కొడవలికి సామాను టికెట్టు కూడా కొట్టాను."